ద్వారకానగర్‌లో అమ్మానాన్నలతో తినడానికి

నమస్కారమండీ. విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మూడు రోజులు బస చేస్తున్నామనీ, మధుమేహమున్న మీ నాన్నగారికీ, కారం పడని అమ్మగారికీ తగిన చిన్న హోటళ్లు చెప్పమనీ అడిగారు.

ఉదయం ద్వారకానగర్‌లోని సాయిరామ్ పార్లర్‌కు వెళ్లండి. నాన్నగారికి ఉప్మా లేని పెసరట్టు చెప్పండి. పొట్టు పెసల్లో పీచూ, మాంసకృత్తులూ ఎక్కువ గనుక, బియ్యం ఎక్కువగా పడే దోసెతో పోలిస్తే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అయితే పెసరట్టు పిండిలోనే అల్లం, పచ్చిమిర్చి రుబ్బేస్తారు కాబట్టి, అమ్మగారికి ఇడ్లీ మేలు. మధ్యాహ్నం ఏ మెస్సులోనైనా పప్పూ పెరుగూ ముందుగా అడిగి వడ్డించుకోండి, సరిపోతుంది.

సాయంత్రం మాత్రం ఆర్కే బీచ్ తప్పకుండా చూడండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉన్న ఆ రోడ్డులో బండివాళ్లు మరమరాల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, వేరుశెనగలు వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో గలగలా కలిపి కాగితం పొట్లంలో మురీ మిక్స్చర్ ఇస్తారు. కలపకముందే “కారం వద్దు బాబూ” అంటే అమ్మగారూ హాయిగా తినగలరు. మరమరాలు చక్కెరను త్వరగా పెంచుతాయి గనుక, నాన్నగారికి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కొనివ్వండి.