దోసకాయ మీద కూర్చున్న రాజుగారు

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు. సముద్రం అడుగున దోసకాయలాంటి జంతువు మెల్లగా పాకుతుంటే దాని వీపు మీద నారింజరంగు రొయ్య ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. పేనులాగా రక్తం తాగుతోందా? అలాంటివి కొని ఇంట్లో పెంచుదామని వాడు ఒకటే గొడవ.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: రక్తం జోలికి పోదండీ. మీవాడు చూసింది ఎంపరర్ ష్రింప్ అయ్యుంటుంది. పేరుకే చక్రవర్తి, ఒళ్లంతా కలిపి రెండు సెంటీమీటర్లు, రొయ్యపొట్టులో వేస్తే కలిసిపోతుంది. వీడియో ఆపి దగ్గరగా చూడండి, వీపు మీద తెల్లటి మచ్చలు, కాళ్ల చివర్లు ఊదారంగు. 1922లో కలకత్తాలో పనిచేసిన జంతుశాస్త్రవేత్త స్టాన్లీ కెంప్ దీనికి 'రెక్స్' అని, అంటే రాజు అని పేరు పెట్టారు. 1967లో ఇంకొకరు కొత్తదనుకుని 'ఇంపరేటర్', అంటే చక్రవర్తి అన్నారు. తర్వాత రెండూ ఒకటేనని తేలి, పాపం, శాస్త్రీయంగా చక్రవర్తి మళ్లీ రాజే అయ్యాడు.

మూసీ ఒడ్డున గేదెలు మేస్తుంటే వెంట తెల్ల కొంగలు తిరుగుతుంటాయి కదా, గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి లేచిన పురుగుల్ని తినడానికి. ఇదీ అంతే. సముద్ర దోసకాయ ఇసుక మీద పాకుతూ పోతుంటే రొయ్య పైనుంచే వంగి దొరికిన తుక్కు ఏరుకుంటుంది, దోసకాయ విసర్జించినదాన్ని కూడా వదలదు (ఇది మీవాడికి తెగ నచ్చుతుంది). దోసకాయకి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. దీన్నే కమెన్సలిజం అంటారు.

తిండి ఒక్కటే కాదు, రక్షణ కూడా. కుంకుడుకాయకి నురగ తెప్పించే సపోనిన్లు ఉంటాయే, ఆ కోవ రసాయనాలే చాలా సముద్ర దోసకాయల ఒంట్లో ఉంటాయి. చేపలకి అవి విషం, అందుకే వాటిని అంతగా ముట్టవు, పైన కూర్చున్న రొయ్యకీ అదే రక్ష. స్పానిష్ డాన్సర్ అనే ఎర్రటి సముద్రపు నత్త మీద కూడా ఈ రొయ్య ఉంటుంది. అదీ విషపుదే.

ఇక పెంపకం, వద్దనే చెప్తాను. ఉప్పునీటి ట్యాంకు మామూలు ఖర్చు కాదు. పైగా సముద్ర దోసకాయల్ని పట్టడం, అమ్మడం మన దేశంలో 2001 నుంచి నేరం, షాపువాడు తెచ్చిస్తానన్నా సరే. బెదిరిన దోసకాయ విషం వదిలితే ట్యాంకులో చేపలన్నీ తెల్లారేసరికి తేలిపోవచ్చు కూడా. ఆదివారం వాణ్ని నాగోలు వైపు తీసుకెళ్లి గేదె వెనక కొంగని చూపించండి, పది నిమిషాలు కదలకుండా నిలబడితే చాలు.