సూపర్‌హీరో వేషాల మీద చర్చ నడపబోయే మనవరాలికి

కందుకూరు

చిరంజీవి అమ్మలుకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి గురించే ఆలోచిస్తున్నాను. కామిక్సులో తెల్లవాడిగా గీసిన పాత్రను సినిమాలో నల్లజాతి నటుడికి ఇవ్వవచ్చునా, ఇస్తే అది న్యాయమా, మూలానికి ద్రోహమా అన్న ప్రశ్న మీద మీ నెల్లూరు కాలేజీలో సభ పెట్టి, రెండు పక్షాలనూ మాట్లాడించే బాధ్యత నీకు అప్పగించారంటే అది చిన్న పని కాదు. సభకు ముందే హాస్టల్లో పిల్లలు రెండు వర్గాలై ఒకరినొకరు తిట్టుకుంటున్నారని కూడా అన్నావు. ఫోనులో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నేను కామిక్సు చదివి పెరిగినదాన్ని కాను. సెలవులకు వచ్చినప్పుడల్లా నువ్వు పక్కన కూర్చోబెట్టుకుని చూపించిన సినిమాలు, తెచ్చి ఇచ్చిన పుస్తకాలు, వాటి గురించి విసుగు లేకుండా నువ్వు చెప్పిన సంగతులు, ఇవే నాకు తెలిసినవి. అయితే ఏ వేషం ఎవరికి ఇవ్వాలి, ఇచ్చినదాన్ని జనం ఎందుకు ఒప్పుకుంటారు, ఎందుకు తిప్పికొడతారు అన్న తగువు మాత్రం నాకు కొత్త కాదు. కందుకూరు, సింగరాయకొండ, కావలి చుట్టుపక్కల తిరునాళ్ళలో పద్యనాటకాలు ఆడినన్నాళ్ళూ అది నన్ను వదలలేదు.

సభలో తప్పకుండా వినిపించే మాట ‘మూలంలో అలా లేదు’ అన్నది. ఆ మాట అన్నవాళ్ళను కసరవద్దు. ఏ మూలమో, ఏ సంవత్సరపు మూలమో వాళ్ళ చేతనే చెప్పించు. నిక్‌ ఫ్యూరీ అనే పాత్రను 1963లో కామిక్సు రచయిత స్టాన్‌ లీ, చిత్రకారుడు జాక్‌ కర్బీ తెల్లజాతి సైనికుడిగా సృష్టించారు. 2002లో వచ్చిన మరో కామిక్‌ వరుసలో అదే పాత్రను నల్లజాతి నటుడు శామ్యూల్‌ ఎల్‌. జాక్సన్‌ పోలికలతో గీశారు. 2008లో ఐరన్‌మ్యాన్‌ సినిమా చివర్లో ఆ జాక్సనే వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు మీ వయసు పిల్లలకు ఫ్యూరీ అంటే ఆయనే. మరి ఆయన మూలానికి విరుద్ధమా, మూలమేనా? కామిక్సు అనేది ఒక రచయిత రాసి ముగించిన గ్రంథం కాదనీ, దశాబ్దాలుగా చేతులు మారుతూ రాసుకుంటూ వస్తున్న కథ అనీ ఈ ఒక్క ఉదాహరణతో అందరికీ అర్థమవుతుంది.

2011లో థోర్‌ సినిమాలో నల్లజాతి నటుడు ఇడ్రిస్‌ ఎల్బాకు హైమ్‌డాల్‌ అనే దేవుడి వేషం ఇచ్చినప్పుడు రేగిన గొడవను కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. అక్కడ అభ్యంతరం చెప్పేవారి పక్షంలో ఉన్న బలమైన మాటను నువ్వే ముందు సభకు చెప్పు: ఉత్తర యూరప్‌లోని నార్స్‌ ప్రజల పురాణ గాథలలో ఆ దేవుడికి తెల్లనివాడన్న విశేషణం నిజంగానే ఉంది. ఆ తరువాత రెండో సగం చెప్పు. అవే గాథలలో థోర్‌కు ఎర్రని గడ్డం ఉంటుంది. 1962లో కామిక్సువారు ఆయనను గడ్డం లేని, బంగారు జుట్టు వీరుడిగా మార్చారు. ఆ మార్పును ఏ ఇబ్బందీ లేకుండా మింగినవారికి ఈ మార్పు దగ్గర గొంతుకు అడ్డం పడిందంటే, తేడా ఎక్కడుందో వాళ్ళే ఆలోచించుకోవాలి. వుల్వరిన్‌ అనే వీరుడు కామిక్సులో అయిదడుగుల మూడంగుళాల మనిషి. 2000లో ఆ వేషం కట్టిన హ్యూ జాక్‌మన్‌ ఆరడుగులు దాటిన మనిషి. ఇవాళ ఆ పాత్రను ఆయన లేకుండా ఊహించమంటే అభిమానులే ఒప్పుకోరు.

మార్చడమే పాపమైతే మన నెల్లూరుకు తిక్కన పేరు చెప్పుకునే అర్హత ఉండేది కాదు. ఆయన భారతాన్ని తెలుగు చేసేటప్పుడు భగవద్గీతను అంతటినీ కొద్ది పద్యాలకు కుదించాడు. కానీ ద్రౌపది కోపాన్ని కుదించలేదు. దేనిని తగ్గించవచ్చో, దేనిని ముట్టుకోకూడదో ఆయనకు తెలుసు. సభలో అందరి చేతా చేయించవలసిన పని కూడా అదే: ఫలానా పాత్ర దేని మీద నిలబడి ఉంది, ఏది తీసేస్తే కూలిపోతుంది అని తేల్చుకోవడం.

నీ చిన్నప్పుడు నువ్వు చూసిన రాయబారం నాటకం గుర్తుందో లేదో. ఒక్క రాత్రి నాటకంలో ముగ్గురు కృష్ణులు వచ్చేవారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, ద్రౌపది మొర విని రాయబారానికి బయలుదేరే సీనుకు ఇంకొక కృష్ణుడు, కౌరవసభకు మరొక కృష్ణుడు. ఒకాయన పొట్టి, ఒకాయన బొజ్జ మనిషి, మూడో ఆయనకు అరవై దాటిన వయసు. పడకసీనులో చూసిన ముఖం రెండు గంటల తరువాత వేరే ముఖమైపోయినా ముందు వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మ దణ్ణం పెట్టడం మానేది కాదు, ఎందుకంటే కిరీటం, పింఛం, నీలిరంగు, అన్నిటినీ మించి పద్యం, ఈ నాలుగూ ఉంటే ఆమెకు కృష్ణుడు వచ్చినట్టే. అదే ముసలమ్మ, పద్యం తప్పిన కృష్ణుడు ఎంత అందగాడైనా క్షమించేది కాదు. రాగం విరిగినచోట తిరునాళ్ళంతా ఈలలు వేసేది. అంటే జనానికి పట్టింపు లేదని కాదు, ఏది పట్టించుకోవాలో వాళ్ళకు తెలుసునని.

ఆ కొలతతో మీ పాత్రలను చూడు. ఎక్స్‌-మెన్‌ కథల్లో ప్రతినాయకుడు మాగ్నెటో యూదుడు. నాజీల మృత్యుశిబిరంలో కుటుంబాన్ని పోగొట్టుకుని బతికి బయటపడ్డ పిల్లవాడు. మనుషులను అతడు నమ్మకపోవడానికి కారణమంతా అక్కడే ఉంది. ఆ పుట్టుకను తీసేస్తే మిగిలేది ఇనుమును గాలిలో లేపే మనిషి మాత్రమే. 1966లో పుట్టిన బ్లాక్‌ పాంథర్‌ కూడా అంతే. పరాయి పాలన కిందకు రాని ఒక ఆఫ్రికా రాజ్యానికి అతడు రాజు. 2018 సినిమాకు ఆ ఊహే గుండెకాయ. కనుక ‘హైమ్‌డాల్‌ నల్లవాడు కావచ్చునంటే బ్లాక్‌ పాంథర్‌ తెల్లవాడు కావచ్చునా’ అని ఎవరైనా చప్పట్ల కోసం అడిగితే, రెండు పాత్రలూ దేని మీద నిలబడ్డాయో పక్కపక్కన పెట్టి చూపించు. హైమ్‌డాల్‌ పని దేవలోకపు వంతెనకు కాపలా కాయడం. కళ్ళు, గొంతు, నిలకడ ఉన్న ఏ నటుడైనా ఆ కాపలా కాయగలడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నా రంగు నీకు తెలుసు, నీకు వచ్చిందీ అదే. ద్రౌపది వేషానికి నన్ను పిలిచిన ఒక కాంట్రాక్టరు నా పద్యం విని మెచ్చుకున్నాడు, ఆ వెంటనే మేకప్‌ మనిషిని పిలిచి రంగు మార్చమన్నాడు. ముఖానికీ మెడకూ మోచేతుల కిందదాకా సఫేదా కలిపిన రంగు మందంగా పట్టించారు. చైత్రమాసపు ఉక్క, పైన లైట్ల వేడి. విప్పిన జుట్టు చేత్తో పట్టి కృష్ణుడికి చూపించి మొరపెట్టుకునే సీను వచ్చేసరికి చెమటకు మెడ దగ్గర ఆ రంగు పాయలు పాయలుగా జారి, కింది నలుపు బయటపడింది. నవ్విన వాళ్ళు నవ్వారు. వ్యాసుడి ద్రౌపది నల్లని మనిషి అమ్మలూ. అర్జునుడూ అంతే. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పది పేర్లు చెబుతూ, అందులో ఒకటి తన మేనిఛాయను చూసి తండ్రి ముద్దుగా పెట్టినదని అతడే చెప్పుకున్నాడు. అయినా మనం తెర మీద చూసిన ద్రౌపదులూ అర్జునులూ దాదాపు అందరూ తెల్లనివాళ్ళే. మూలానికి ద్రోహం జరిగిందని గొడవ చేసినవాళ్ళను నా నాటక జీవితంలో ఒక్కరినీ చూడలేదు.

కాబట్టి సభ నడుమ ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న వేయి: బాధ కలిగింది రంగు మూలానికి దూరమైనందుకా, లేక నలుపు వైపుకు జరిగినందుకా? ఈ ప్రశ్నను ఒక మనిషి ముఖం మీద వేయవద్దు, సభ మొత్తానికి వేయి. అక్కడ కూర్చున్న అభిమానులలో నిజంగా చిన్నప్పటి నుంచి ఆ బొమ్మలను ప్రేమించి, బూటు రంగు మారినా గిలగిలలాడేవారు ఉంటారు. 1989 బ్యాట్‌మ్యాన్‌కు మైకేల్‌ కీటన్‌ను తీసుకున్నప్పుడు హాస్యనటుడికి ఆ వేషమేమిటని వార్నర్‌ సంస్థకు వేల ఉత్తరాలు వెళ్ళాయి. హీత్‌ లెడ్జర్‌ను బ్యాట్‌మ్యాన్‌ శత్రువైన జోకర్‌గా ప్రకటించినప్పుడు వెక్కిరించారు. ఆ వేషానికి ఆయన చనిపోయాక ఆస్కార్‌ వచ్చింది. అక్కడ జాతి ప్రసక్తే లేదు. అభ్యంతరం చెప్పిన ప్రతివాడినీ ద్వేషి అంటే వాడు నోరు మూసుకుంటాడు గాని మనసు మార్చుకోడు.

అన్నిటికన్నా చిక్కైన సంగతి ఇంకొకటి ఉంది. దానికి ఎక్కువ సమయం ఉంచుకో. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు గారు మగవాడై ఉండీ కట్టిన సత్యభామ వేషం గురించి మా గురువులు చెబుతుంటే ఆడవాళ్ళమై ఉండీ మేము నోరు తెరుచుకుని వినేవాళ్ళం. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతటి నటుడు. అదే కాలంలో గౌరవస్తుల ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే వెలివేసినట్టు చూసేవారు. ఆయన గొప్పతనం నిజం, ఆడవాళ్ళకు ఆ వేషాలు అందకపోవడమూ నిజం. ఒక నిజం చెప్పి రెండోదాన్ని కొట్టివేయడం కుదరదు.

2016లో డాక్టర్‌ స్ట్రేంజ్‌ సినిమాలో కామిక్సులో టిబెట్‌ ముసలి గురువుగా ఉన్న పాత్రను తెల్లజాతి నటి టిల్డా స్వింటన్‌కు ఇచ్చినప్పుడు జరిగింది ఇలాంటిదే. ఆసియా ముసలి గురువు అనే అరిగిపోయిన మూసను తప్పించడానికే అలా చేశామని తీసినవారు చెప్పారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు, ఆమె నటనకూ వంక పెట్టలేము. అయినా మూస పోయిందన్న పేరుతో ఆసియా నటులకు దక్కవలసిన అరుదైన వేషం ఒకటి పోయింది. 2021లో ఆ సినిమా తీసిన మార్వెల్‌ స్టూడియోస్‌ అధిపతి కెవిన్‌ ఫైగీ కూడా ఆ నిర్ణయం గురించి పునరాలోచన చేసుకున్నట్టు, వేరే దారి వెతికి ఉండవలసిందన్నట్టు మాట్లాడారు. ఆ దారి ఎలా ఉంటుందో అదే ఏడాది షాంగ్‌-చీ అనే చైనా మూలాల వీరుడి మీద వచ్చిన సినిమాలో కనిపిస్తుంది. కామిక్సులో అతడి తండ్రి ఫూ మాంచూ అనే, చైనావాళ్ళను అవమానించే పాత్ర. సినిమావారు ఆ తండ్రిని తీసేసి, హాంకాంగ్‌ నటుడు టోనీ లియాంగ్‌ కోసం ప్రేమా పగా రెండూ ఉన్న కొత్త తండ్రిని రాశారు. మనుషులను మార్చలేదు, రాతను మార్చారు. ఈ రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి మాట్లాడిస్తే చాలు, మీ సభ సగం సఫలమైనట్టే.

‘పాతవాటిని మార్చడమెందుకు, కొత్త వీరులను సృష్టించుకోవచ్చు కదా’ అనే వాదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అది మంచి వాదమే. 2011లో స్పైడర్‌మ్యాన్‌ వేషం తొడిగిన నల్లజాతి పిల్లవాడు మైల్స్‌ మొరాలెస్‌, ఆ తరువాత పాకిస్తానీ మూలాలున్న అమెరికా పిల్ల కమలా ఖాన్‌ అలా పుట్టినవాళ్ళే. కమలా వేషం 2022లో ఇమాన్‌ వెల్లానీకి దక్కింది. కానీ మైల్స్‌ కొత్త పాత్రే అయినా వచ్చిన రోజున వాడి మీద కూడా గొడవ జరిగిందని గుర్తుచేయి. సూపర్‌మ్యాన్‌ 1938, బ్యాట్‌మ్యాన్‌ 1939, స్పైడర్‌మ్యాన్‌ 1962. పేరున్న వేషాలన్నీ దాదాపు తెల్లవారినే వీరులుగా గీసిన కాలంలో పంచిపెట్టేసినవి. కొత్త పాత్రకు అంత పేరు రావడానికి ఒక నటుడి యవ్వనమంతా సరిపోదు.

వసూళ్ళ లెక్కలు సభలోకి రానివ్వకు. బ్లాక్‌ పాంథర్‌ నూట ముప్పై కోట్ల డాలర్లు దాటిందని ఒకరు, ఫలానా సినిమా మునిగిందని మరొకరు అంటూ పోతే చర్చ తెగదు. 2015లో ఫెంటాస్టిక్‌ ఫోర్‌ ఆడకపోతే ఆ నింద అందులో నటించిన నల్లజాతి నటుడు మైకేల్‌ బి. జోర్డాన్‌ రంగు మీద వేసినవారున్నారు. అదే నటుడు మూడేళ్ళ తరువాత బ్లాక్‌ పాంథర్‌లో ప్రతినాయకుడిగా వస్తే లోకమంతా మెచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం మెత్తదనం చూపవద్దు. నటి ఒంటి గురించి, ముఖం గురించి, జుట్టు గురించి ఎవరైనా మాట్లాడబోతే అక్కడే ఆపి, పాత్ర గురించి చెప్పమను. 2018లో టైటన్స్‌ సీరియల్లో స్టార్‌ఫైర్‌ వేషానికి ఎంపికైన అన్నా డయోప్‌ అనే నల్లజాతి అమ్మాయి, తిట్లు భరించలేక తన ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాఖ్యలు ఆపేసుకోవలసి వచ్చింది. అప్పటికి ఆ సీరియల్‌ ప్రసారం కూడా కాలేదు. వేషం ఇచ్చినవాళ్ళను వదిలేసి కట్టినవాళ్ళను కొట్టడం మా నాటకాల నాటి నుంచీ ఉన్న దుర్మార్గమే. నీ సభలో అది జరగకూడదు.

చివరి అరగంట మన తెలుగు సినిమాలకు కేటాయించు. తెల్లని అమ్మాయికి నల్లరంగు పూసి పల్లెటూరి పిల్ల అనడం, తెలుగు రాని నాయికకు మరొకరి గొంతు అతికించడం గురించి వాళ్ళ చేత మాట్లాడించు. గట్టిగా మాట్లాడేవాళ్ళకు అప్పటికే రెండేసి సార్లు అవకాశం వచ్చి ఉంటుంది కనుక, వెనక వరసల్లో అంతవరకూ నోరు విప్పని పిల్లలను పేరు పెట్టి పిలువు. ఓట్లు వేయించి ఎవరు గెలిచారో తేల్చవద్దు. ఎవరేమన్నారో ఒక కాగితం మీద రాసి ఉంచి, ముఖ్యంగా నా ద్రౌపది ప్రశ్నకు ఏం జవాబు వచ్చిందో నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ