ఊహాజనిత ఏనుగుపిల్ల

సందేహం: మనవరాలికి బొమ్మల పుస్తకం కొన్నాను. అందులో ఏనుగుపిల్ల టేకాకు నెత్తిన పెట్టుకుని నేను రాజునంటుంది, నీటిగుంటను చూసి సముద్రమంటుంది. అట్ట వెనక 'ఊహాజనిత ఏనుగుపిల్ల కథ' అని వేశారు. ఈ మాట సరైనదేనా? ఏనుగుపిల్ల అనాలా, గున్న ఏనుగు అనాలా?

సమాధానం: అమ్మా, ఊహాజనితం అంటే ఊహలో పుట్టినది. ఆ అట్ట ప్రకారం అసలు ఏనుగే లేదు. మరి టేకాకు ఎవరి నెత్తిన ఉన్నట్టు? పోనీ 'ఊహాత్మక' అని దిద్దుదామా అంటే అదీ నాకు రుచించదు. ఈమధ్య కనబడ్డ ప్రతి మాటకూ ఒక ఆత్మను తగిలించి వదులుతున్నారు. పిల్లల పుస్తకాన్నైనా విడిచిపెట్టకపోతే ఎలా?

ఊహ చాలా పాత మాట. వ్యాకరణం ఎందుకు చదవాలి అంటే, పతంజలి పాణిని సంస్కృత వ్యాకరణం మీద రాసిన మహాభాష్యం అనే వ్యాఖ్య మొదట్లోనే అయిదు ప్రయోజనాలు చెప్పాడు: రక్ష, ఊహ, ఆగమం, లాఘవం, అసందేహం. (అయిదోదాని పుణ్యమా అని నాకీ శీర్షిక పని దొరికింది.) అగ్నికి చెప్పిన మంత్రాన్ని సూర్యుడికి వాడాల్సి వస్తే 'అగ్నయే' తీసి 'సూర్యాయ' పెట్టుకోవాలి. విభక్తి చెడకూడదు, మంత్రం తొణకకూడదు. ఒకదాని చోట ఇంకొకదాన్ని అలా కుదర్చడమే ఆయన చెప్పిన ఊహ. కిరీటం చోట టేకాకు పెట్టిన ఏనుగుపిల్ల చేసిందీ ఇంచుమించు అదే. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ఒప్పుకోకపోవచ్చు, నేను ఒప్పుకుంటాను.

తెలుగువాళ్లం దాన్ని ఇంకో దారి పట్టించాం. 'నాకు ఊహ తెలిసినప్పటి నుంచి' అంటాం. అక్కడ ఊహ అంటే లోకాన్ని పోల్చుకునే తెలివి, జ్ఞాపకాలు మొదలయ్యే వయసు. పేపర్లవాళ్ల ఊహాగానాల సంగతి వదిలేద్దాం.

పోతన్నకైతే ఈ మాటతో పనే పడలేదు. దశమస్కంధంలో బాలకృష్ణుడి ఆట చూడండి: 'గోవల్లభుఁడ నేను గోవులు మీరని వడి ఱంకె వైచుచు వంగియాడు'. తాను ఆబోతు, తోటి పిల్లలు ఆవులు. ఇంకాసేపటికి తాను రాజు, వాళ్లు భటులు. ఆ తర్వాత తాను దొంగ, వాళ్లు ఇంటివాళ్లు. వాళ్లను నిద్రపుచ్చి సొమ్ములు పట్టుకుపోయి దాక్కుంటాడు. 'నేను ఫలానా, మీరు ఫలానా' అన్నాడో లేదో ఆట మొదలైపోయింది. ఱంకె వేస్తే చాలదని ఒళ్లు కూడా వంచాడు! ఆ 'వంగి' దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

కాబట్టి 'ఊహలల్లే ఏనుగుపిల్ల' అంటే సరిపోయేది. పిల్లలనే అడిగితే 'ఉత్తుత్తి రాజు' అని తేల్చేస్తారు, నా ఓటు దానికే. ఊహాజనితం సమాసంగా తప్పా అంటే తప్పనలేను, చోటు తప్పిందంటాను.

ఇక ఏనుగుపిల్ల, గున్న ఏనుగు రెండూ వాడుకలో ఉన్నవే, మీ ఇష్టం. గున్న అంటే పొట్టిది, గున్నమామిడిలో ఉన్నదీ అదే. గజేంద్రమోక్షంలో పోతన్న 'కలభంబుల్ చెరలాడుఁ' అని సంస్కృతం మాట వేశాడు గానీ మీ మనవరాలికి అది ఇప్పుడే వద్దు. ఆవుకు మాత్రం పిల్ల అనకండి, దూడ అనండి. మొన్న ఒక పుస్తకంలో 'ఆవుపిల్ల' కనబడింది. అక్కడికక్కడే మూసేశాను.