సేజ్ ఆకు మీది నూగు తెగులు కాదు

సందేహం: కుండీలో సేజ్ (వంటలో వాడే ఘాటు వాసన ఆకు మొక్క) పెట్టి 7 నెలలైంది. ఆకులన్నిటికీ బూడిద తెగులు పట్టింది. షాపులో ఇచ్చిన గంధకం మందు నెలలో 4 సార్లు కొట్టాను. తగ్గకపోగా కింది ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి. రెండు పూటలా నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోంది. ఇంకే మందు కొట్టమంటారు?

సలహా: ఏ మందూ వద్దు. మీరు రాసినదాన్ని బట్టి అది బూడిద తెగులే కాదు. సేజ్ ఆకుకు పుట్టుకతోనే సన్నని నూగు ఉంటుంది. అనుమానముంటే ఒక ఆకును బొటనవేలితో గట్టిగా రుద్దండి. తెగులైతే తెల్లటి పొడి వేలికి అంటుకుంటుంది. నూగైతే ఘాటు వాసన తప్ప ఏమీ రాదు. మందు అమ్మినాయన కనీసం ఒక ఆకు తెచ్చి చూపించమన్నాడా? తినే ఆకు మీద 4 సార్లు పిచికారీ ఏమిటండీ!

అసలు జబ్బు వేళ్లలో ఉంది. సేజ్ మధ్యధరా ప్రాంతపు రాతి నేలల మొక్క, ఎండకు ఓర్చుకుంటుంది గానీ తడికి ఓర్చుకోదు. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేక మొక్క వాడుతోంది, వాడిందని మీరు మళ్లీ పోస్తున్నారు.

మట్టిగడ్డతో సహా బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పై పొర ఊడి వచ్చేసి, లోపల దారంలాంటిది మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించేయండి. 2 పాళ్లు తోటమట్టి, 1 పాలు ముతక ఇసుక, 1 పాలు బాగా చివికిన కంపోస్టు కలిపి, అడుగున రంధ్రాలున్న 12 అంగుళాల కుండీలో నాటండి. వారం పాటు పలచని నీడలో ఉంచి, తర్వాత రోజుకు 6 గంటలైనా ఎండ తగిలేచోటికి మార్చండి. వేలు 2 అంగుళాలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. కుండీ కింద పళ్లెం పెడితే అందులో నీరు నిలవనీయకండి. కోలుకునేదాకా యూరియా జోలికి పోవద్దు.

కాండం మొదలు నల్లబడి మెత్తగా ఉంటే ఆ మొక్క ఇక దక్కదు. పచ్చిగా ఉన్న, పూత లేని కొమ్మ చివళ్లు 4 అంగుళాలు కోసి, కింది ఆకులు గిల్లి, తడి ఇసుకలో గుచ్చండి. 4 నుంచి 6 వారాల్లో వేరు పడుతుంది.

ఎప్పుడైనా నిజంగా బూడిద తెగులే వస్తే ముందు ఆ ఆకులు తుంచి పారేయండి. అప్పటికీ ఆగకపోతేనే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లని పూట, ఒక్కసారి. 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఇప్పుడు మందు పడి ఉన్న ఆకులు మాత్రం వంటలో వేయకండి. కొత్త చిగుళ్లు వచ్చాకే కోసుకోండి.