లెవిట్‌టౌన్ నుంచి మొదలుపెట్టండి

మీ సెమినార్ పేపర్‌లో 1950లలో అమెరికా సుఖంగా ఉందని రాస్తే, అదే దశకంలో మోంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ (బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడంపై అలబామాలో నల్లవారు చేసిన ఉద్యమం) ఎందుకొచ్చిందో పొసగడం లేదన్నారు. రెండింటినీ వేర్వేరు అధ్యాయాలు చేయడం వల్లే ఆ చిక్కు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ సంస్థ ఒకే తరహా ఇళ్లతో కట్టిన లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీని తీసుకోండి, రెండూ ఒకేచోట దొరుకుతాయి.

1947లో బంగాళాదుంపల పొలాల్లో కట్టడం మొదలుపెట్టారు. కూలీల జట్లు ఇంటి నుంచి ఇంటికి కదిలేవి. తెల్ల రంగు వేసే జట్టు వేరు, ఎర్ర రంగు జట్టు వేరు. 1949 మోడల్ ధర 7,990 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికుడికి ప్రభుత్వ హామీతో, ముందుగా పైసా కట్టకుండానే ఇల్లు దొరికేది. 1950 మోడల్‌లోనైతే టీవీ కూడా లోపలే బిగించి ఇచ్చారు!

మీ పేపర్‌కు అసలైన ఆధారం తొలి ఒప్పందాల్లోని షరతు: తెల్లజాతివారు తప్ప ఇంకెవరూ అక్కడ ఉండకూడదు, ఇంటి నౌకర్లకు మాత్రం మినహాయింపు. అదే యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుడికీ అంతే. చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లెవిట్ సంస్థ నల్లవారికి అమ్మలేదు.

1957 ఆగస్టులో, అదే సంస్థ పెన్సిల్వేనియాలో కట్టిన మరో లెవిట్‌టౌన్‌లో నల్లజాతివారైన మయర్స్ దంపతులు ఒక ఇల్లు కొనుక్కుని దిగితే, గుంపులు చేరి రాళ్లు రువ్వాయి. ఇది జాతి వివక్షకు పేరుపడ్డ దక్షిణాది కాదని తప్పకుండా రాయండి. మరుసటి నెల దక్షిణాదిలోని ఆర్కన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ హైస్కూలు గొడవ: తెల్లవారి బడిలో నల్ల విద్యార్థులు చేరడాన్ని అడ్డుకున్నారు. ఆ రెండు ఘటనల్నీ పక్కపక్కనే పెట్టి, మోంట్‌గోమరీని వాటికి ముందు చేర్చండి.