రాత్రి మధ్యలో మెలకువ వస్తే జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 52. ఆరున్నర, ఏడు గంటలకు మించి నిద్ర పట్టదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినా కాసేపటికి మళ్లీ పడుతుంది. పగలు హుషారుగానే ఉంటాను. చింపాంజీలు మనకంటే ఎక్కువసేపు నిద్రపోతాయని, విద్యుత్ దీపాల వల్లే మనిషి నిద్ర తగ్గిందని చదివాను. నాది నిద్రలేమేనా? మాత్రలు వాడాలా?

జవాబు: పగలు హుషారుగా ఉంటున్నారు కాబట్టి నిద్రలేమి కాదు. మాత్రలు వద్దు.

చింపాంజీల సంగతి నిజమే. అవి రోజుకు దాదాపు తొమ్మిదిన్నర గంటలు, రాత్రిపూట తిరిగే ‘రాత్రి కోతులు’ అనే జాతివి 17 గంటలు నిద్రపోతాయి. ఇప్పటివరకు పరిశీలించిన ప్రైమేట్లలో (కోతులు, చింపాంజీలు, మనుషులు ఉన్న జంతువర్గంలో) అతి తక్కువ నిద్ర మనదే. అయితే అందులో కలలు వచ్చే దశ నాలుగో వంతు దాకా ఉంటుంది. అంటే కొద్ది నిద్రే, కానీ చిక్కనిది.

ఇలా ఎందుకు మారింది? చాలా కోతులు కొమ్మల మీద కూర్చునే కునుకు తీస్తాయి. చింపాంజీ మాత్రం చీకటి పడేముందు కొమ్మలు వంచి, కాలితో తొక్కిపట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి, పైన లేత రెమ్మలు పరుచుకుంటుంది. దాదాపు ప్రతి సాయంత్రం కొత్త పడకే! ఇలా చెట్ల మీదే పడుకునే మన పూర్వీకులు నేలకు దిగి పడుకున్నాక మృగాల భయం పెరిగి, నిద్ర కుదించుకుపోయిందని డేవిడ్ శామ్సన్, చార్లెస్ నన్ అనే పరిశోధకుల వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది. టాంజానియాలోని హడ్జా వేటగాళ్ల గుంపులో 33 మందిని 20 రోజులు గమనిస్తే, అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం 18 నిమిషాలే. రాత్రి ఎవరో ఒకరు మేలుకునే ఉండేవారు. తెల్లవారుజామున మూడింటికి వచ్చే మీ మెలకువను చూసి బెదిరిపోకండి.

దీపాలదే తప్పనడం మాత్రం సరికాదు. కరెంటు లేని హడ్జా, దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు సాన్, బొలీవియాలోని చిమానే ప్రజల నిద్రను 2015లో ప్రచురించిన అధ్యయనంలో పరికరాలతో కొలిస్తే 5.7 నుంచి 7.1 గంటలే తేలింది. సూర్యాస్తమయమయ్యాక సగటున మూడు గంటలకు పైగా మేలుకునేవారు. అలాగని ఐదు గంటలతో సరిపెట్టుకోవచ్చనుకోవద్దు. వారికి నిద్ర పట్టినప్పటి నుంచి చివరికి లేచేదాకా, మధ్య మెలకువలతో కలిపి, 6.9 నుంచి 8.5 గంటలు. మీరూ అంత సమయం కేటాయించండి. మెలకువ వస్తే గడియారం చూడకండి.

నిద్ర పట్టక వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలుగా అవస్థపడుతూ పగలు నీరసిస్తుంటే డాక్టరును కలవాలి. అప్పుడు కూడా ముందు చేయాల్సింది నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్సే. మీకు గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగుతోందా అని ఇంట్లోవారిని అడగండి. ఉందంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి.