‘నిశ్శబ్దం’ అన్న మాట కొట్టేయి, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథా, నువ్వు రాద్దామనుకుంటున్న వ్యాసాల లిస్టూ రెండూ అందాయి. జవాబు లేటయింది, ఏమనుకోకు, కళ్ళజోడు మార్చాల్సొచ్చి వారం రోజులు ఫోన్లో అక్షరాలు కనపడలేదు. అన్నట్టు మేడమ్ మేడమ్ అని పిలవకు, అక్కా అను చాలు, మా ఊళ్ళో మేడమ్ అంటే ఇప్పటికీ బ్యాంకు కౌంటర్లో కూర్చునే ఆవిడే.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. ఆరు పేజీల కథలో నిశ్శబ్దం అన్న మాట 14 సార్లు రాశావ్, పెన్సిల్ పెట్టి లెక్కపెట్టా. నాలుగు చోట్ల నిశ్శబ్దం రాజ్యమేలింది, రెండు చోట్ల తాండవించింది, ఒక చోట "సూది కింద పడ్డా వినిపించేంత నిశ్శబ్దం" అట. ఆ సూది ఎవరిదో గానీ మనది కాదు, మన ఇళ్ళల్లో చీమ చిటుక్కుమంటుంది. ఇక చివర్లో శ్మశాన నిశ్శబ్దం. నిజం చెప్పు, నువ్వెప్పుడైనా శ్మశానానికి వెళ్ళావా? మా నాన్న పోయినప్పుడు మా వాళ్ళు వద్దన్నా వినకుండా నేను వెళ్ళా. అక్కడున్నంత చప్పుడు నేను పెళ్ళిళ్ళలో కూడా వినలేదు. కట్టెలు చిటపటలాడుతున్నాయ్, కాకులు, అవతల ఇంకొకళ్ళ డప్పులు, మా బాబాయి ఫోను రెండుసార్లు మోగింది, రింగ్‌టోన్ ఏదో సినిమా పాట, ఆయన కంగారులో దాన్ని ఆపలేక జేబు మీద కొట్టుకుంటున్నాడు. ఇవన్నీ వదిలేసి శ్మశాన నిశ్శబ్దం అని రాసేస్తే మా నాన్న చావు ఎవరి చావైనా అయిపోతుంది.

సరే, ఇప్పుడు నా సంగతి చెప్తా, ఎందుకంటే నేను కూడా ఇదే పని చేశా, 24 ఏళ్ళప్పుడు.

మాది మంగళగిరి, మగ్గాల వీధి. పొద్దున ఐదింటికి మొదలయ్యేది టకటక, రెండు వైపులా ఇళ్ళల్లో గుంట మగ్గాలు, అడ్డపోగుని మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే ఒక చప్పుడు, పేకని, అంటే ఆ అడ్డపోగుని, దగ్గరికి కొడుతుంటే ఇంకో చప్పుడు. పుట్టిందే ఆ చప్పుళ్ళ మధ్య కాబట్టి అవి మాకు వినపడేవి కావు, బయటినుంచి వచ్చిన చుట్టాలు మాత్రం ఈ రొదలో ఎలా నిద్రపోతారమ్మా అనేవాళ్ళు. వాన పడితే మాత్రం గుంటల్లోకి చెమ్మ దిగేది, గట్టి వానైతే నీళ్ళే ఊరేవి, మగ్గం మీది నిలువు పోగులు, అదే పడుగు, తడిస్తే పనికిరాదు, ఇక మగ్గం దిగాల్సిందే. నా మొదటి కథ ఆ వాన మీదే. "జోరున వాన. వీధంతా నిశ్శబ్దం ఆవరించింది" అని రాశా, రాసి మురిసిపోయా కూడా. మా ఎదురింటి తాతకి చదివి వినిపిస్తే ఆయన చుట్ట పక్కన పెట్టి, "వాన జోరున కురుస్తుంటే నిశ్శబ్దం ఏంటమ్మా, రేకుల మీద అంత మోత మోగుతుంటే? మగ్గం ఆగింది అను" అన్నాడు.

అంతే. నాకు రాయడం గురించి ఎవరైనా నేర్పింది ఏదన్నా ఉందంటే అదే. వాన మోత ఉంది, పిల్లల కేరింతలు ఉన్నాయి, చూరు నీళ్ళు బిందెలో పడుతున్న శబ్దం ఉంది, ఆగింది ఒక్క మగ్గమే, కానీ మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు, నాలుగు రోజులు ఆగితే కొట్లో అప్పు. ఆ తాతకి నిశ్శబ్దం అన్న మాటతో పనే లేదు, ఏ చప్పుడు ఆగిందో ఆయనకి తెలుసు.

తర్వాత ఆలోచిస్తే మన భాష మొత్తం అలాగే ఉంది అనిపించింది. నిశ్శబ్దం, మౌనం రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. ఇంట్లో మనం మాట్లాడేటప్పుడు ఏమంటాం? సద్దుమణిగింది అంటాం, అంటే సద్దు ఉండి అణిగింది అని. కిక్కురుమనలేదు, కిమ్మనలేదు, ఉలుకూ పలుకూ లేదు, ఇంట్లో అలికిడి లేదు. ప్రతిదాన్లో ముందు ఒక చప్పుడు ఉంది, దాని వెనక అణిగింది అనో లేదు అనో ఒక మాట ఉంది. ఇక చప్పుళ్ళకైతే లెక్కే లేదు, సడి, సవ్వడి, రొద, హోరు, మోత, గోల, సందడి. ఆ చివరి రెండూ చూడు, డెసిబుల్ మీటర్ పెడితే రెంటికీ ఒకే నంబరు రావచ్చు, పెళ్ళి మనింట్లో అయితే సందడి, పక్కింట్లో అయితే గోల. మన దేశంలో 2000లో శబ్ద కాలుష్యం రూల్స్ వచ్చాయి, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబుల్స్, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా 45, ఆస్పత్రులూ బడులూ కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ చెయ్యొచ్చని, అక్కడ ఇంకో ఐదైదు తక్కువని. కానీ కథకి ఆ నంబరు సరిపోదు, సందడి ఎవరికి గోల అయిందో అది కావాలి. నీ లిస్టులో నాలుగో వ్యాసం "నగరాల్లో శబ్ద కాలుష్యం" అని పెట్టావ్, దానికి నా సలహా అంతే, వినాయకుడి ఊరేగింపులో డీజే బాక్సు పక్కన గంతులేసే కుర్రాడినీ ఆ వీధిలోనే మూడో అంతస్తులో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సునీ ఇద్దర్నీ రాయి, ఒక్కళ్ళనే రాస్తే అది కంప్లైంట్ కాగితం అవుతుంది.

ఇప్పుడు నీ లిస్టులో పుస్తకాల సంగతి. అన్నీ నిశ్శబ్దం మీదే కదా అని ఒక్క దండలో గుచ్చేద్దామనుకుంటున్నావ్. నాకు నచ్చింది, కానీ ఆ దండకి దారం ఏంటో నువ్వు రాయలేదు. నాకు తోచిన దారం మా ఎదురింటి తాత మాటే, ఏ చప్పుడు ఆగిందో అది చెప్పు అన్నది.

అమెరికా శాస్త్రవేత్త రేచల్ కార్సన్ పుస్తకం సైలెంట్ స్ప్రింగ్, అంటే చప్పుడు లేని వసంతం, అది చూడు, 1962. మొదటి అధ్యాయంలో ఆవిడ ఒక ఊరిని ఊహించి రాసింది, వసంతం వచ్చినా పిట్ట కూయని ఊరు. బాగానే ఉంటుంది గానీ ఆ పుస్తకం బలం అక్కడ లేదు, చాలామంది అక్కడే ఆగిపోయి అబ్బ ఎంత కవిత్వమో అంటారు. దాని బలం తర్వాత అధ్యాయాల్లో. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎల్మ్ చెట్లకి ఏదో తెగులు వస్తుంటే డీడీటీ కొట్టారు, మందు పడ్డ ఆకులు రాలాయి, ఆకుల్ని వానపాములు తిన్నాయి, వసంతంలో వచ్చిన రాబిన్ పిట్టలు ఆ వానపాముల్ని తిన్నాయి, తిని వణికి వణికి చచ్చిపోయాయి. ఆకు, వానపాము, పిట్ట. ఏ పిట్ట, ఏ చెట్టు, ఏ మందు, అన్నీ పేర్లతో సహా. సైలెంట్ స్ప్రింగ్ అన్న పేరు ముందు ఆ పిట్టల అధ్యాయానికే అనుకున్నారట, తర్వాత పుస్తకం మొత్తానికి పెట్టారు. ఆవిడ 1964లో క్యాన్సర్‌తో పోయింది, అమెరికాలో డీడీటీని నిషేధించింది 1972లో, ఆవిడ చూడలేదు. మన దగ్గర పంటల మీద డీడీటీ ఆపారు గానీ దోమల కోసం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వాడారు, నా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు వచ్చి గోడలకి మందు కొట్టి తలుపు పక్కన తేదీ రాసి పోయేవాళ్ళు, ఆ వాసన నాకింకా గుర్తుంది. నువ్వు రాస్తే ఆ తేదీ దగ్గర మొదలుపెట్టు, అమెరికా దాకా తర్వాత వెళ్ళొచ్చు. పిచ్చుకల మీద మాత్రం రాయకు బాబూ, సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయని ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది, ఎవరూ ఒక్క గూడు కూడా పరిశీలించరు.

అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ గురించి నువ్వు రాసిన పేరా కొంచెం ఎక్కువైంది. ఆయన కట్టిన మూడు భాగాల సంగీతంలో నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు పియానో వాయించకుండా కూర్చోవడం గొప్ప ఆధ్యాత్మిక అనుభవం అంటావ్, ఆయన చెప్పింది దానికి పూర్తిగా ఉల్టా. 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ దగ్గర పియానిస్టు డేవిడ్ ట్యూడర్ పియానో మూత మూసి కూర్చున్నాడు, కేజ్ తర్వాత చెప్పుకున్నదేంటంటే మొదటి భాగంలో బయట గాలి, రెండో దాన్లో పైకప్పు మీద వాన చినుకులు, మూడో దాన్లో జనం గొణుగుడూ లేచి వెళ్ళిపోయే చప్పుడూ వినిపించాయని. దానికి ముందే ఆయన హార్వర్డ్‌లో శబ్దమే లేని గదిలోకి వెళ్తే రెండు శబ్దాలు వినిపించాయట, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. అవి నీ నరాలవీ నీ రక్తానివీ అని అక్కడి ఇంజనీరు చెప్పాడట. సన్నటిది నిజంగా నరాలదేనా అన్నది పక్కన పెట్టు, నిశ్శబ్దం అనేదే లేదు అని చెప్పినాయన మీద వ్యాసంలో నువ్వు నిశ్శబ్దాన్ని పొగుడుతూ పోతే ఎలా?

ఇంకా బాగా కావాలంటే జపాన్ రచయిత ఎండో షుసాకు నవల ఉంది, 1966, పేరే సైలెన్స్. పదిహేడో శతాబ్దంలో క్రైస్తవుల్ని వేటాడుతున్న జపాన్‌కి ఒక పోర్చుగీసు పాస్టర్... పాస్టర్ కాదు, వాళ్ళు ఫాదర్లు, ఫాదర్ వస్తాడు, దేవుడెందుకు పలకట్లేదు అని పుస్తకమంతా అడుగుతుంటాడు. పట్టుబడ్డాక ఒక రాత్రి చీకటి కొట్లో ఉంటే బయట గురక వినిపిస్తుంది. నా ప్రాణం పోయే రాత్రి కాపలావాడు గురకపెట్టి నిద్రపోతున్నాడే అని ఒళ్ళు మండిపోతుంది ఆయనకి. అది గురక కాదు, గుంటలో తలకిందులుగా వేలాడదీసిన మనుషుల మూలుగు. ఈ సంగతి ఇంకొకాయన వచ్చి చెప్పేదాకా ఆయనకి తెలీదు. దేవుడి నిశ్శబ్దం మీద రాసిన నవలకి ఆయువుపట్టు ఒక గురక, చూశావా. నీ కథలో అలాంటి ఒక్క గురక ఉంటే ఆ 14 నిశ్శబ్దాలూ నేనే క్షమించేసేదాన్ని.

మనుషులు మాట్లాడకపోవడం ఇంకో రకం. ఊర్వశీ బుటాలియా దేశ విభజన మీద రాసిన పుస్తకం ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్, 1998లో వచ్చింది, అది నువ్వు లిస్టులో చివర పెట్టావ్, నేనైతే మొదట పెడతా. ఆవిడ ఏళ్ళ తరబడి తిరిగి మనుషుల చేత మాట్లాడించింది, మొదలుపెట్టింది సొంత మేనమామ దగ్గర, తోబుట్టువులు ఇటు వచ్చేస్తే తల్లిని దగ్గరే ఉంచుకుని లాహోర్‌లోనే ఉండిపోయి మతం మారినాయన. అప్పట్లో సుమారు 75 వేల మంది ఆడవాళ్ళని ఎత్తుకుపోయారని అంచనా, వాళ్ళలో ఎంతమంది ఆ సంగతి ఇంట్లో నోరెత్తి చెప్పుంటారు? మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అనే సామెత ఉంది కదా, పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల దించుకుని కూర్చుంటే ఇష్టమేనర్రా అని పెద్దాళ్ళు కాఫీలు తెమ్మంటారు. మా అమ్మమ్మ పెళ్ళి అలాగే అయింది. ఆవిడ 80 ఏళ్ళప్పుడు నాతో అంది, "నన్నెవరూ అడగలేదే, అడిగితే వద్దనేదాన్ని". కాబట్టి ఎవరి మౌనం గురించి రాసినా వాళ్ళని ఎవరన్నా అడిగారా అనేది ముందు కనుక్కో.

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ వాళ్ళ పుస్తకం నాయిస్ మాత్రం లిస్టులోంచి తీసెయ్. మంచి పుస్తకమే, ఒకే ఫైలు ఇద్దరు ఇన్సూరెన్స్ వాళ్ళకి విడివిడిగా ఇస్తే ప్రీమియం ఎంత తేడా వస్తుంది అంటే కంపెనీ పెద్దలు పది శాతం లోపే అనుకున్నారట, తీరా చూస్తే 55 శాతం. కానీ అది చప్పుడు గురించి కాదు, తీర్పుల్లో ఉండే తికమక గురించి. దాన్ని తెలుగులో చప్పుడు అని పిలవగలవేమో ట్రై చెయ్, కుదరదు. ఇంగ్లీషులో మాట ఒకటైనంత మాత్రాన విషయం ఒకటి కాదు.

ఇక నీ కథ. తండ్రీ కొడుకూ మూడు నెలలు మాట్లాడుకోరు, మంచి విషయం, నీ సొంత ఇంటి సంగతే అనుకుంటున్నా, చెప్పకపోయినా పర్లేదు. కానీ "ఇంట్లో మూడు నెలలు నిశ్శబ్దం తాండవించింది" అని ఒక్క వాక్యంలో దాటేశావ్, అసలు కథంతా అక్కడే ఉంది కదరా. మాటలు ఆగిన ఇంట్లో మిగతా చప్పుళ్ళు పెరుగుతాయి. నాన్న హాల్లోకి వచ్చే ముందు గొంతు సవరించుకుంటాడు, నేనొస్తున్నా లేచి లోపలికి పో అని. టీవీ సౌండు రెండు పాయింట్లు పెరుగుతుంది. గ్లాసు బల్ల మీద పెట్టే తీరులో కోపం తెలిసిపోతుంది. అమ్మ మధ్యలో ఇటు మాట అటు చేరేస్తుంటుంది, "కరెంట్ బిల్లు కట్టావా అని అడుగుతున్నారు", "కట్టానని చెప్పు", ముగ్గురూ ఒకే గదిలో ఉండగా. మీ ఇంట్లో ఇవే ఉండాలని లేదు, ఏవో ఉండే ఉంటాయి, అవి రాయి. ఆ మూడు నెలల్లో కొడుకు బండి శబ్దం వినపడగానే నాన్న ఏం చేసేవాడు? గేటు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడా? నాకు అది కావాలి.

ఆ ఒక్క సీనూ తిరగరాసి పంపు, రెండు పేజీలు చాలు, నిశ్శబ్దం అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. పీడీఎఫ్ పంపకు, దాంట్లో దిద్దడం నాకు చేతకాదు, వర్డ్‌లో పంపు, అక్షరాలు 14 సైజులో పెట్టు.

మీ అక్క